ట్రైనింగ్ ఇవ్వకుండానే "ఇచ్చారు" అని సంతకం పెట్టమంటున్నారు. ఏం చేయాలి?

పట్టా_మనిషి
నేను రైల్వేలో ట్రాక్‌మన్‌ని, పట్టాల మరమ్మతు పని. డిగ్రీ చదివి లెవెల్-1 పరీక్ష రాసి వచ్చాను. మొన్న పొద్దున టూల్ రూమ్ దగ్గర హాజరు వేసుకుంటుంటే మేట్ (మా గ్యాంగ్ పెద్ద) ఒక రిజిస్టర్ తెచ్చి ముందు పెట్టాడు. "లైన్ మీద పనిచేసేటప్పుడు పాటించాల్సిన జాగ్రత్తలు, పక్క లైన్‌లో బండి వచ్చేటప్పుడు నడుచుకోవాల్సిన పద్ధతి, డిటొనేటర్లు వాడే విధానం గురించి నాకు శిక్షణ ఇచ్చారు. నాకు పూర్తిగా అర్థమైంది" అని టైపు చేసి ఉంది. (డిటొనేటర్ అంటే ముందు ప్రమాదం ఉందని డ్రైవర్‌కి తెలిసేలా పట్టా మీద పెట్టేది, చక్రం ఎక్కితే పేలుతుంది.) కింద మా పేర్లు, ఎదురుగా సంతకాలకు గళ్ళు. తేదీ పోయిన నెలది. ఆ తేదీన మేమంతా స్లీపర్లు మార్చే పనిలో ఉన్నాం, క్లాసూ లేదు, ఏమీ లేదు.

"ఇన్‌స్పెక్షన్ ఉంది, సాయంత్రానికి పంపాలన్నారు, పెట్టేయండయ్యా" అన్నాడు మేట్. ఆయన తప్పు కాదు, ఆయనకూ పైనుంచే వచ్చింది. నేనూ ఇంకో ఇద్దరమూ పెట్టలేదు. రాత్రికి ఫోన్ వచ్చింది, పెట్టకపోతే ఆర్డర్ ధిక్కరించినట్టు రాసి చార్జిషీట్ ఇస్తామని. యూనియన్ ఆయన్ని అడిగితే "పెట్టొద్దు, పీఎన్‌ఎంలో మాట్లాడదాం" అంటున్నాడు. అది యూనియన్‌కీ అధికారులకీ మధ్య జరిగే మీటింగ్, ఎప్పుడో ఏమో. నాకు రేపు డ్యూటీ ఉంది. ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

కీమన్‌గారి_అబ్బాయి
పెట్టొద్దు తమ్ముడూ. మా నాన్న కీమన్‌గా (రోజూ పట్టా వెంట నడిచి బిగింపులు చూసే పని) చేసి రిటైరయ్యారు, ఇప్పుడు నేనూ అదే పని. ఆ రిజిస్టర్ నీ ప్రాణం కాపాడటానికి కాదు. రేపు నీకేమైనా అయితే ఎంక్వైరీలో టేబుల్ మీద పెట్టడానికి. "శిక్షణ ఇచ్చాం, అతనే పాటించలేదు" అని రాసి ఫైల్ కట్టేస్తారు.

బ్యాలస్ట్
మా దగ్గర సంతకం కూడా అడగరు. ఫోన్‌లో ఐగాట్ (ప్రభుత్వ ఆన్‌లైన్ శిక్షణ) కోర్సు ఓపెన్ చేసి వదిలేయమంటారు. ఫోన్ టూల్ బాక్స్ మీద, మేము లైన్ మీద. వీడియో దానంతటది అయిపోతుంది, సర్టిఫికెట్ వచ్చేస్తుంది. మా గ్యాంగ్‌లో ఎక్కువ కోర్సులు పూర్తిచేసింది చార్జింగ్ బాగా నిలిచే ఫోన్ ఉన్నవాడే.

ఒక_స్టేషన్_మాస్టర్
సంతకం పెట్టు, కానీ దాని పక్కన "ఈ తేదీన శిక్షణ జరగలేదు, ఈ రోజు సంతకం మాత్రమే అడిగారు" అని నీ చేతిరాతతో రాసి, ఈ రోజు తేదీ వేసి పెట్టు. పెట్టనని మొండికేస్తే ధిక్కారం అంటారు. రాసి పెడితే అది నీ సాక్ష్యం అవుతుంది. ఫోటో తీసి పెట్టుకో.

పట్టా_మనిషి
@ఒక_స్టేషన్_మాస్టర్ సర్, రిజిస్టర్‌లో అలా రాస్తే పేజీ చించేస్తారేమో?

ఒక_స్టేషన్_మాస్టర్
అందుకే ఫోటో. దాంతోపాటు అదే మాట తెల్లకాగితం మీద ఎస్‌ఎస్‌ఈ (మీ సెక్షన్ ఇంజనీరు) పేరున రాసి, కాపీ మీద అందినట్టు సంతకం తీసుకో. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపు.

రిటైర్డ్_పీడబ్ల్యూఐ
ఈ చర్చ ఇలా ఒకవైపే పోతుంటే నాకు బాధగా ఉంది. ముప్పై ఏళ్ళకు పైగా పర్మనెంట్ వేలో, అంటే పట్టాల విభాగంలో, పనిచేశాను. కుర్రాడి చేత దొంగ తేదీకి సంతకం పెట్టించడం తప్పు, దానికి నేను వంత పాడను. కానీ ఆ ఎస్‌ఎస్‌ఈ సీట్లో కూర్చున్నవాడి పరిస్థితి కూడా చెప్పాలి.

పైనుంచి లెటర్ వస్తుంది, ఈ మూడు నెలల్లో నీ సెక్షన్‌లో ఇంతమందికి శిక్షణ పూర్తి కావాలని. అదే వారం ఇంకో లెటర్, పట్టా వెంట నడిచి చూసే పెట్రోలింగ్‌లో ఒక్క బీట్ (ఒక మనిషి నడవాల్సిన దూరం) కూడా ఖాళీ ఉండకూడదని. మూడోది, ఫలానా కిలోమీటర్ దగ్గర కాషన్ (స్పీడు తగ్గించాలన్న ఆంక్ష) ఎత్తేయాలి, బండ్లు లేటవుతున్నాయని. గ్యాంగ్ బలం కాగితం మీద ఒకటి, పొద్దున హాజరుకు వచ్చేది ఇంకొకటి. సెలవులు, మెడికల్ పోను, కొంతమంది ఆఫీసుల్లో, అధికారుల బంగళాల్లో పనిచేస్తుంటారు. ఇక నలుగుర్ని ట్రైనింగ్‌కి పంపితే మిగిలినవాళ్ళతో పట్టా ఎత్తగలమా? మూడు లెటర్లలో రెండు నిజంగా అమలు చేయకపోతే బండి పడిపోతుంది. శిక్షణ లెటర్ కాగితం మీద అమలు చేసినా ఆ రోజుకు ఏమీ కాదు. మనిషి దేన్ని కాగితం మీదికి తోస్తాడో మీరే ఆలోచించండి.

యూనియన్ల సంగతి కూడా చెప్తాను. పీఎన్‌ఎంలో "శిక్షణ ఇవ్వడం లేదు" అని ఐటమ్ పెట్టేది వాళ్ళే. నేను ట్రైనింగ్ లిస్టు వేస్తే "మావాడి కూతురి పెళ్ళి ఉంది, వేరేవాణ్ణి పంపండి" అని ఫోన్ చేసేదీ వాళ్ళే. బంగళా డ్యూటీలో ఉన్న ట్రాక్‌మన్‌ని వెనక్కి లైన్ మీదికి తెస్తే మొదట నా గదికి వచ్చింది కూడా శాఖ నాయకుడే.

బ్యాలస్ట్
బంగళా సంగతి మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం.

శాఖ_కార్యదర్శి
@రిటైర్డ్_పీడబ్ల్యూఐ సర్, మీరు చెప్పిన ఫోన్లు చేసేవాళ్ళు మాలో ఉన్నారు, కాదనను. కానీ దాన్నీ దీన్నీ ఒకే తక్కెడలో వేయకండి. పెళ్ళికి సెలవు అడగడం వల్ల ఎవరూ చనిపోరు.

రైల్వే భద్రత మీద వేసిన కాకోద్కర్ కమిటీ 2012లో ఇచ్చిన రిపోర్టు చూడండి. 2007-08 నుంచి 2011 అక్టోబరు దాకా డ్యూటీలో చనిపోయిన రైల్వే సిబ్బంది దాదాపు 1,600 మంది అని అందులో ఉంది. అదే కాలంలో రైలు ప్రమాదాల్లో పోయిన ప్రాణాల కంటే ఎక్కువ. బండి బోల్తా పడితే టీవీలు, మంత్రి, ఎక్స్‌గ్రేషియా. ఒక ట్రాక్‌మన్ పోతే లోకల్ ఎడిషన్‌లో చిన్న వార్త. ఇన్నేళ్ళుగా మేం అడుగుతున్నది మూడే: శిక్షణ రోజును డ్యూటీగా లెక్కకట్టాలి, ఆ రోజు గ్యాంగ్‌లో ఖాళీ నింపడానికి మనుషుల్ని ఇవ్వాలి, శిక్షణ ఇచ్చేవాడు ఆ సెక్షన్ పని చేయించుకునే అధికారి కాకూడదు. మూడోదే కీలకం. పని త్వరగా కావాలనుకునేవాడే "జాగ్రత్తగా చేయండి, ఆలస్యమైనా పర్లేదు" అని ఎలా చెప్తాడు?

కీమన్‌గారి_అబ్బాయి
శిక్షణ అంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం ఒక కేసు చెప్తాను. చలికాలం, తెల్లవారుజాము. కొత్తగా చేరిన కుర్రాడు పెట్రోలింగ్‌లో ఉన్నాడు. వెల్డు దగ్గర పట్టా విరిగి సందు కనపడింది. చూశాడు, గుర్తుపట్టాడు, అంతవరకు శభాష్. తర్వాత ఏం చేశాడంటే, విరిగినచోటే నిలబడి ఎర్ర దీపం ఊపడం మొదలుపెట్టాడు. నూరు పైన స్పీడులో వచ్చే బండి అతన్ని చూసి బ్రేక్ వేస్తే ఎక్కడ ఆగుతుంది? అతన్ని దాటి చాలా దూరం పోయాక.

చేయాల్సింది బండి వచ్చే దిక్కుకు ఎర్ర దీపం చూపిస్తూ పరుగెత్తడం. 600 మీటర్ల దగ్గర ఒక డిటొనేటర్, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంలో మూడు. పుస్తకంలో ఒక్క లైను. చేతికి వచ్చేసరికి వేరు. వేళ్ళు చలికి కొంకర్లు పోయి ఉంటాయి. డిటొనేటర్‌కి రెండు పక్కలా మెత్తటి రేకు పట్టీలు ఉంటాయి, వాటిని పట్టా తల కిందికి వంచి బిగించాలి, లేబుల్ పైకి ఉండాలి. సరిగ్గా బిగించకపోతే చక్రం తగలకముందే అదురుకు జారి కిందపడుతుంది. కంకర మీద పరుగెత్తుతూ, చేతిలో దీపంతో, ఊపిరి ఆడక, ఇది చేయాలి. ఒక్కసారి కూడా చేత్తో చేయనివాడికి ఆ టైంలో ఏమీ గుర్తురాదు. ఆ రోజు ఎదురు బీట్ నుంచి వస్తున్న పాత మనిషి దూరం నుంచే దీపం ఊపడం చూసి విషయం పసిగట్టి పరుగెత్తాడు. బండి ఆగింది.

కుర్రాడికి అవార్డు ఇచ్చారు, ఇవ్వాల్సిందే, పట్టా విరిగింది పట్టుకున్నాడు కదా. కానీ అతనికి డిటొనేటర్ బిగించడం ఎవరు ఎప్పుడు నేర్పారని ఎవరూ అడగలేదు. రిజిస్టర్‌లో మాత్రం సంతకం ఉంది.

పట్టా_మనిషి
అన్నా, నేను ఇప్పటిదాకా డిటొనేటర్ పేలగా చూడలేదు. నా కిట్‌లో ఉన్నవాటిని లెక్కపెట్టి అప్పజెప్పడమే తెలుసు.

రిటైర్డ్_పీడబ్ల్యూఐ
@పట్టా_మనిషి ఇది చదివి నిజంగా భయమేసింది. బాబూ, కిట్‌లో వాటి మీద తయారీ సంవత్సరం చూడు ముందు.

రాత్రి_లింకు
లోకో పైలట్‌ని. మా వైపు కథ ఇంకా పెద్దది. కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్ సంగతి గుర్తుందిగా, 2024 జూన్ 17, బెంగాల్‌లో రంగాపానీ దగ్గర గూడ్సు వెనక నుంచి గుద్దింది, పది మంది పోయారు. గూడ్సు లోకో పైలట్ కూడా పోయాడు. ఆ రోజే ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది, గూడ్సు పైలట్ సిగ్నల్ పట్టించుకోలేదని. చచ్చిపోయినవాడు వచ్చి జవాబు చెప్పలేడుగా.

తర్వాత సేఫ్టీ కమిషనర్ విచారణలో ఏం తేలింది? పొద్దుటి నుంచి ఆటోమేటిక్ సిగ్నళ్ళు పనిచేయడం లేదు. పనిచేయని సిగ్నల్ దాటి వెళ్ళడానికి డ్రైవర్లకు ఇచ్చిన అనుమతి ఫారమే సరైంది కాదు, దాని మీద ఎంత స్పీడులో వెళ్ళాలో లేదు. అదే సెక్షన్‌లో అంతకుముందు వెళ్ళిన మిగతా బండ్లూ ఒక్కొక్కటి ఒక్కో స్పీడులో వెళ్ళాయి, నిబంధన ప్రకారం నడిచింది గుద్దించుకున్న కాంచన్‌జంగా ఒక్కటే. ఆటోమేటిక్ సెక్షన్‌లో సిగ్నల్ ఫెయిలైతే ఎలా నడపాలో లోకో పైలట్లకూ స్టేషన్ మాస్టర్లకూ చాలినంత కౌన్సెలింగ్ ఇవ్వలేదని, ఇది ఎప్పుడో జరగాల్సిన ప్రమాదమేనని రిపోర్టు రాసింది. అంటే ట్రైనింగ్ లోపమని రైల్వే వాళ్ళ విచారణే చెప్పింది. ఆ మాట మొదటి రోజు ఎవరూ ఎందుకు అనలేదు?

ఒక_స్టేషన్_మాస్టర్
@రాత్రి_లింకు మా వైపు నుంచి ఒకటి. ఆ ఫారాలు ఎప్పుడో ఒకసారి తప్ప చేతికి రావు. సిగ్నల్ ఫెయిల్ అయిన రోజు ఫోన్లు మోగుతూనే ఉంటాయి, కంట్రోల్ వాడు "బండి ఎందుకు ఆపావు" అంటాడు, అప్పుడు పుస్తకం తిరగేసి ఏది ఇవ్వాలో చూసుకోవాలి. ఏడాదికి ఒక్కసారైనా అందరం ఒకచోట కూర్చుని, సిగ్నల్ ఫెయిలైనట్టు అనుకుని, ఫారం రాసి, అది పుచ్చుకున్న లోకో పైలట్‌కి ఎలా అర్థమైందో అడిగి చూసుకుంటే చాలు. మా క్లాసు మాకు, మీ క్లాసు మీకు. ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టిన ట్రైనింగ్ నేనెప్పుడూ చూడలేదు.

రాత్రి_లింకు
ఇది బంగారం లాంటి సలహా సర్. ఎర్ర ఆటోమేటిక్ సిగ్నల్ దగ్గర పగలు ఒక నిమిషం, రాత్రి రెండు నిమిషాలు ఆగి, ముందు బాగా కనపడితే గంటకు 15 కిలోమీటర్లు, లేకపోతే 10 మించకుండా పోవాలి. ఇది మాకు నోటికి వచ్చు. మరి చేతికి కాగితం ఇచ్చినప్పుడు ఈ రూల్ వర్తిస్తుందా లేదా అన్నదగ్గరే అందరికీ అనుమానం. సరిగ్గా అక్కడే ప్రాణాలు పోయాయి.

పచ్చజెండా
గార్డుని. కంటకాపల్లి మర్చిపోకండి. 2023 అక్టోబరు 29, మన విజయనగరం జిల్లా. పలాస ప్యాసింజర్‌ని రాయగడ ప్యాసింజర్ వెనక నుంచి గుద్దింది. డ్రైవర్, అసిస్టెంట్ ఇద్దరూ పోయారు. ఫోన్‌లో క్రికెట్ చూస్తూ నడిపారని మంత్రిగారే చెప్పారు. తర్వాత సేఫ్టీ కమిషనర్ విచారణలో ఆ టైంలో వాళ్ళ ఫోన్లలో డేటా వాడకమే లేదని వచ్చింది. సిగ్నళ్ళు నిబంధన ప్రకారం దాటలేదన్నది వేరే సంగతి, అది ఆ విచారణ చెప్పింది, దాన్ని మనం దాచకూడదు. కానీ ఆ రెండు ఇళ్ళల్లో పిల్లలు "మీ నాన్న క్రికెట్ చూస్తూ..." అన్న మాట బడిలో విని ఉంటారు. అది ఎవరు వెనక్కి తీసుకుంటారు?

కొత్త_ఏఎల్‌పీ
నేను అసిస్టెంట్ లోకో పైలట్‌ని, ఈ మధ్యే చేరాను. క్లాసులో సిమ్యులేటర్ మీద నేర్పింది బాగానే ఉంది, తిట్టను. కానీ లైన్ మీదికి వచ్చాక వరసగా రాత్రి డ్యూటీలు చేస్తే నేర్చుకున్నది ఏదీ పనిచేయదు. కళ్ళు తెరిచే ఉంటాయి, సిగ్నల్ చెప్తుంటాను, ఐదు నిమిషాల తర్వాత ఏం చెప్పానో గుర్తుండదు. డ్యూటీ మధ్యలో తిండికీ టాయిలెట్‌కీ విరామం ఇవ్వడం సాధ్యం కాదని 2025 ఏప్రిల్‌లో రైల్వే బోర్డు తేల్చేసింది. ఆడవాళ్ళం నీళ్ళు తాగడమే మానేసి ఎక్కుతున్నాం. మే నెలలో ఇంజిన్ క్యాబ్‌లో నీళ్ళు తాగకుండా కూర్చున్న మనిషి ఎంత చురుగ్గా ఉంటుందో ఏ క్లాసులోనూ చెప్పలేదు.

రిటైర్డ్_పీడబ్ల్యూఐ
అమ్మా, ఇది చదివితే మనసుకు కష్టంగా ఉంది. దీనికి నా దగ్గర ఎదురుమాట లేదు.

లైన్‌మన్_కాదు
విరామం సంగతి వేరే చర్చ, ఇక్కడ ట్రైనింగ్ గురించి మాట్లాడుతున్నాం కదా.

రాత్రి_లింకు
@లైన్‌మన్_కాదు వేరే కాదు. రెండూ ఒకే ఖాళీల నుంచి పుట్టాయి. సమాచార హక్కు కింద వచ్చిన జవాబులో 2024 మార్చి నాటికి భద్రతా విభాగంలో పది లక్షల పోస్టులుంటే లక్షన్నరకు పైగా ఖాళీ. లోకో పైలట్లలో 70,093కి 14,429 ఖాళీ. కాంచన్‌జంగా తర్వాత ఏఎల్‌పీ నోటిఫికేషన్‌లో పోస్టులను 5,696 నుంచి 18,799కి పెంచారు. అప్పటిదాకా ఆ ఖాళీలు కనపడలేదా? మనిషి లేనప్పుడు మొదట కోసేది విశ్రాంతి, తర్వాత కోసేది ట్రైనింగ్. మూడేళ్ళకోసారి రావాల్సిన రిఫ్రెషర్ కోసం పేరు వస్తుంది, బయల్దేరే ముందు రోజు "బండి ఆగిపోతుంది, వచ్చే బ్యాచ్‌లో పో" అంటారు.

తాతయ్య_74
నేను 1974 సమ్మెలో ఉన్నవాణ్ణి. మే 8 నుంచి 27 దాకా. క్వార్టర్స్‌లోంచి సామాను బయట పడేశారు. దానికి ముందు ఏడాది, 1973 ఆగస్టులో, లోకో వాళ్ళు సమ్మె చేసి పది గంటల డ్యూటీ ఒప్పుకోలు సాధించారు. అప్పుడు పనిగంటల కోసం, బోనస్ కోసం కొట్లాడాం. చెప్పేది ఏంటంటే, శిక్షణ గురించి సమ్మె అన్న మాట ఆ రోజుల్లో మాకే తట్టలేదు. పాత మనిషి వెనక కొత్తవాడు నడిచేవాడు, చూసి నేర్చుకునేవాడు, అదే ట్రైనింగ్. ఇప్పుడు పాత మనుషులు ఒక్కసారిగా రిటైరైపోయారు. ఎవరి వెనక నడుస్తారు?

శాఖ_కార్యదర్శి
తాతయ్య గారూ, సరిగ్గా చెప్పారు. మా దగ్గర కొన్ని గ్యాంగుల్లో మేట్ తప్ప అందరూ కొత్తవాళ్ళే. సగం మంది బీహార్, రాజస్థాన్ నుంచి వచ్చిన పిల్లలు. మేట్‌కి హిందీ అంతంతే, వాళ్ళకు తెలుగు రాదు. బండి వస్తుందని అరిచినప్పుడు ఏ భాషలో అరిచినా పక్కకు దూకుతారు, అది వేరు. కానీ "ఆ లైన్ కాదు, ఈ లైన్ వైపు పోండి" అని చెప్పడానికి అర సెకనులో భాష కావాలి. ఆ అర సెకను లేక పోయినవాళ్ళు ఉన్నారు.

సిగ్నల్_సామి
సిగ్నల్ డిపార్ట్‌మెంట్. కొత్తవాళ్ళే పోతున్నారనుకోవద్దు. 2024 జనవరిలో ముంబై దగ్గర వసాయ్‌లో లోకల్ గుద్ది ముగ్గురు సిగ్నల్ సిబ్బంది పోయారు, వాళ్ళలో ఒకరు చీఫ్ ఇన్‌స్పెక్టర్. అంత సర్వీసున్న మనిషికి తెలియదని ఎవరైనా అంటారా? చేతిలో పని ఉన్నవాడి చూపు చేతి మీదే ఉంటుంది. బండ్లు చూడటమే పనిగా ఒక మనిషి విడిగా ఉండాలి. "జాగ్రత్తగా ఉండు" అన్నది శిక్షణ కాదు. "లుకౌట్ మనిషి లేకపోతే పని మొదలుపెట్టకు, మొదలుపెట్టనందుకు నిన్నెవరూ ఏమీ అనరు" అని చెప్పి, ఆ మాట మీద నిలబడితే అది శిక్షణ.

పట్టా_మనిషి
మా దగ్గర లుకౌట్ ఒక్కడే. మూడు లైన్లు. కంకర బిగించే ట్యాంపింగ్ మెషిన్ ఆన్ చేశాక విజిల్ వినపడదు. కరెంటు ఇంజిన్లు వచ్చాక బండి శబ్దం దగ్గరికి వచ్చేదాకా తెలియదు. పైగా స్పీడు 130 చేశారు. 130 అంటే సెకనుకు 36 మీటర్లు. ఒక మలుపు తిరిగి కనపడిన బండి మన దగ్గరికి రావడానికి ఎంతసేపు పడుతుందో కొత్తవాళ్ళకు లెక్కకట్టి చూపించాను. నిజానికి అది చూపించాల్సింది నేను కాదు.

బ్యాలస్ట్
రక్షక్ మిషన్లు ఇస్తామన్నారుగా, బండి వస్తుంటే స్టేషన్ నుంచి రేడియోలో (వీహెచ్‌ఎఫ్) సిగ్నల్ వచ్చి నడుముకు కట్టుకున్నది వణుకుతుంది, మోగుతుంది. మీ సెక్షన్‌లో వచ్చిందా ఎవరికైనా?

కీమన్‌గారి_అబ్బాయి
మాకు ఇంకా రాలేదు. జీపీఎస్ ట్రాకర్ మాత్రం ఎప్పుడో వచ్చింది. నేను ఎక్కడున్నానో అధికారికి తెలియడానికి మిషన్ ఉంది, బండి ఎక్కడుందో నాకు తెలియడానికి లేదు.

రిటైర్డ్_పీడబ్ల్యూఐ
ట్రాకర్‌ని మరీ అలా తీసేయకండి. వానల్లో పెట్రోల్‌మన్ వాగు దగ్గర జారిపడి తెల్లారేదాకా ఎవరికీ తెలియని కేసు చూశాను. ట్రాకర్ ఉంటే గంటలో వెతికేవాళ్ళం. యూనియన్ దాన్ని కూడా వద్దంది.

శాఖ_కార్యదర్శి
వద్దనలేదు. దాని ఆధారంగా చార్జిషీట్లు ఇవ్వొద్దన్నాం. బ్యాటరీ అయిపోతే "బీట్ తిరగలేదు" అని జీతం కోసిన కేసులు ఉన్నాయి. మిషన్‌ని కాపాడటానికి వాడండి, కాళ్ళకు సంకెళ్ళు వేయడానికి కాదు.

బ్యాలస్ట్
డబ్బుల్లేవంటారు కానీ ఉన్న భద్రతా నిధిలోంచే కాళ్ళు నొక్కే మిషన్లు, క్రాకరీ కొన్నారని కాగ్ రిపోర్టులో వచ్చింది, 2022ది. 2017లో లక్ష కోట్లతో పెట్టిన నిధి అది. రోజంతా కంకర మీద నడిచే కాళ్ళు మావి.

అట్లాంటా_తెలుగు
నేను రైల్వే మనిషిని కాను, ఇక్కడ అమెరికాలో సరుకు రవాణా సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను. కాబట్టి తక్కువ చెప్తాను. ఇక్కడా ఇదే గొడవ నడిచింది. 2023 ఫిబ్రవరిలో ఒహాయోలో నార్ఫోక్ సదరన్ వాళ్ళ గూడ్సు పట్టాలు తప్పి రసాయనాలు తగలబడ్డాక యూనియన్లు గట్టిగా పట్టుబట్టాయి. ఏడాది తర్వాత ఆ కంపెనీ, రెండు యూనియన్లు, ప్రభుత్వ రైల్వే సంస్థ కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. ప్రమాదం తప్పిపోయిన ఘటనని ఉద్యోగి తానే రిపోర్టు చేస్తే శిక్ష ఉండదు, పేరు బయటికి రాదు. మొదట అట్లాంటా, ఎల్క్‌హార్ట్, రోనోక్‌లలో వెయ్యి మంది దాకా సిబ్బందికి పెట్టారు. కీమన్‌గారి_అబ్బాయి చెప్పిన పెట్రోలింగ్ కేసు అలాంటి చోట రిపోర్టయ్యి ఉంటే, తర్వాతి క్లాసులో అదే పాఠం అయ్యేది.

సిగ్నల్_సామి
మనకు కావాల్సింది సరిగ్గా ఇదే. మా దగ్గర "బండి జస్ట్‌లో తప్పింది" అని చెప్తే మొదటి ప్రశ్న "ఎవడి తప్పు?" అందుకే ఎవరూ చెప్పరు. చెప్పకపోతే క్లాసులో చెప్పడానికి ఏముంటుంది? పుస్తకం చదువుతారు.

రిటైర్డ్_పీడబ్ల్యూఐ
ఈ పాయింట్ మీద నేనూ యూనియన్ వైపే. కాకపోతే ఒక మాట. పేరు బయటికి రాదంటే మన దగ్గర ఎవరు నమ్ముతారు? ఆ రిపోర్టు పుచ్చుకునేవాళ్ళు డివిజన్ కింద కాకుండా బయట ఉండాలి. భద్రత చూసే సంస్థ రైల్వే బోర్డు చెప్పుచేతల్లో ఉండకూడదని కాకోద్కర్ కమిటీ కూడా చెప్పింది.

లైన్‌మన్_కాదు
2024 డిసెంబరులో పదకొండేళ్ళ తర్వాత యూనియన్ల గుర్తింపు ఎన్నికలు జరిగాయి కదా. కరపత్రాల్లో పెన్షన్ గురించే పేజీలకు పేజీలు. ట్రైనింగ్ గురించి ఒక్క లైన్ చూశారా ఎవరైనా?

శాఖ_కార్యదర్శి
పెన్షన్ అడిగేది సభ్యులే అన్నా. కానీ మీ మాట తీసుకుంటున్నాను. ఇంతమంది ఇంత వివరంగా రాశారు, ఇది పీఎన్‌ఎం ఐటమ్‌గా రాసి పంపుతాను. స్టేషన్ మాస్టర్లు, లోకో పైలట్ల ఉమ్మడి క్లాసు విషయం కూడా చేరుస్తాను.

లేబర్_లాయర్
అసలు ప్రశ్నకు వస్తాను. @పట్టా_మనిషి, చార్జిషీట్ అంటే భయపడకు. ఇలాంటిదానికి ఇస్తే ఎస్‌ఎఫ్-11 ఇస్తారు, చిన్న శిక్షల కోవ. పది రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలి. జవాబులో నువ్వు అడగాల్సినవి: ఆ తేదీన క్లాసు ఎవరు తీసుకున్నారు, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఆ రోజు గ్యాంగ్ డైరీలో ఏ పని రాసి ఉంది. గ్యాంగ్ డైరీలో స్లీపర్లు మార్చిన పని ఉంటే ఆ రిజిస్టర్ అక్కడే వీగిపోతుంది. రెండు కాగితాలూ వాళ్ళ దగ్గరే ఉన్నాయి, రెండూ ఒకదానికొకటి పొసగవు. సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి రెండింటి కాపీలూ అడుగు. ఆ అర్జీ పడిందని తెలిస్తేనే చాలావరకు చార్జిషీట్ మాట మానేస్తారు.

పట్టా_మనిషి
ముగ్గురం రిమార్కు రాసి సంతకం పెట్టి ఇచ్చాం. ఫోటోలు తీసుకున్నాం. ఎస్‌ఎస్‌ఈ గారు ఏమీ అనలేదు, పక్కన పెట్టారు. మిగతావాళ్ళలో నలుగురు వచ్చి "మేమూ అలా రాయొచ్చా" అని అడిగారు, కానీ వాళ్ళు ముందే పెట్టేశారు.

లేబర్_లాయర్
వాళ్ళు ఇప్పుడు విడిగా లెటర్ ఇవ్వొచ్చు, "శిక్షణ జరగకుండా సంతకం తీసుకున్నారు, దయచేసి శిక్షణ ఇప్పించండి" అని. ఆరోపణలా కాకుండా విన్నపంలా రాయమను. కాదనడం కష్టం.

మేస్త్రి_కూలీ
నేను కాంట్రాక్టరు దగ్గర మేస్త్రిని. మీరంతా పర్మనెంట్ వాళ్ళు, రిజిస్టర్ అయినా ఉంది. మా వాళ్ళకు అదీ లేదు. ఆరెంజ్ జాకెట్ ఇచ్చి దింపుతారు. రేపు కంకర దింపే పని ఉంది, లైన్ పక్కనే. లుకౌట్ గురించి ఎవరూ చెప్పలేదు. మా వాళ్ళలో ఆడవాళ్ళు కూడా ఉన్నారు. నేను ఎవర్ని అడగాలి?

సిగ్నల్_సామి
2024 నవంబరులో కేరళలో షొర్నూర్ వంతెన మీద ఇలాగే నలుగురు కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికులు పోయారు. మన ఊళ్ళ మీదుగా వెళ్ళే కేరళ ఎక్స్‌ప్రెస్సే. కాంట్రాక్టు రద్దు చేసి కాంట్రాక్టరు మీద కేసు పెట్టారు. వాళ్ళకు లైన్ మీద ఎలా ఉండాలో ఎవరు చెప్పాలో అన్నది అలాగే మిగిలింది.

లేబర్_లాయర్
@మేస్త్రి_కూలీ పరిహారం విషయంలో చట్ట ప్రకారం పని ఇచ్చిన ప్రధాన యజమానికీ బాధ్యత ఉంటుంది, కాంట్రాక్టరు ఒక్కడి మీదే తోసేయలేరు. మీ వాళ్ళ పేర్లు, హాజరు మీ దగ్గర రాసి ఉంచుకోండి. పరిహారం తర్వాత మాట, రేపటి సంగతి లైన్ మనుషులు చెప్పాలి.

రిటైర్డ్_పీడబ్ల్యూఐ
@మేస్త్రి_కూలీ జాగ్రత్తగా విను. పొద్దున సైట్‌కి రైల్వే సూపర్‌వైజర్ వస్తాడు. ఆయన రాకుండా ఒక్కర్ని కూడా లైన్ దగ్గరికి పోనివ్వకు. వచ్చాక మూడు అడుగు. బ్లాక్ ఉందా, అంటే ఆ లైన్ మీద బండ్లు ఆపారా, ఉంటే ఎప్పటి నుంచి ఎప్పటిదాకా? పక్క లైన్ మీద బండ్లు నడుస్తాయా? లుకౌట్ మనిషి ఎవరు, ఎక్కడ నిలబడతాడు? ఆ మనిషిని మీ వాళ్ళందరికీ ముఖం చూపించు, విజిల్ ఒకసారి ఊదించి వినిపించు. విజిల్ పడితే ఏ పక్కకు పోవాలో ముందే అందరూ నడిచి చూసుకోండి. గంపలు వదిలేసి పోవాలని చెప్పు, గంప కోసం వెనక్కి తిరిగినవాళ్ళనే నేను ఎక్కువగా చూశాను. ఈ మూడింటికి జవాబు రాకపోతే పని మొదలుపెట్టకు. కాంట్రాక్టరు కేకలేస్తే ఫోన్ సూపర్‌వైజర్‌కి ఇవ్వు.

మేస్త్రి_కూలీ
సరే సర్. ఒకవేళ బ్లాక్ లేదు, పక్క నుంచే దింపేయండి అంటే?

రిటైర్డ్_పీడబ్ల్యూఐ
అయితే ఆ మాట ఆయన చేత కాగితం మీద రాయించు. రాయడు. పని ఆగుతుంది, ఆగనీ.

శాఖ_కార్యదర్శి
@మేస్త్రి_కూలీ ఏ సెక్షనో నాకు ప్రైవేటుగా మెసేజ్ పెట్టు. పొద్దున ఆరున్నరకల్లా మా మనిషి సైట్‌లో ఉంటాడు.